పైలట్ మెడికల్‌లో మూత్ర పరీక్ష: ఏం వెతుకుతారు, ఏం వెతకరు

ఇంటర్ అయిపోయిన పిల్లాడు "పైలట్ అవుతా" అన్నప్పుడు ఇంట్లో మొదట పుట్టే టెన్షన్ ఫీజు గురించి. రెండోది మెడికల్ గురించి. కళ్లజోడుంటే తీసుకుంటారా, చిన్నప్పుడు విరిగిన చెయ్యి అడ్డమొస్తుందా అని అందరి ముందూ అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు: "యూరిన్ టెస్టులో అన్నీ బయటపడిపోతాయట కదా?"

చిక్కంతా ఆ "అన్నీ"లోనే ఉంది. పైలట్లు రకరకాల సందర్భాల్లో సీసాలో మూత్రం పోసి ఇస్తారు. సీసా చూడటానికి ఒకలాగే ఉంటుంది కానీ ఒక్కోసారి అడిగే ప్రశ్న వేరు, చూసే లాబ్ వేరు, తేడా వస్తే జరిగేదీ వేరు. ఇవన్నీ కలిపేసుకోవడం వల్లే కొందరు లేని భయం పడుతుంటే, కొందరు ఉండాల్సిన జాగ్రత్త లేకుండా తిరుగుతున్నారు.

మెడికల్ వేరు, డ్రగ్ టెస్ట్ వేరు, మద్యం పరీక్ష వేరు

మొదటిది మెడికల్. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, పైలట్ల ఆరోగ్యానికి కనీస ప్రమాణాలు రాసి పెట్టింది. మూత్ర పరీక్ష తప్పనిసరిగా ఉండాలని, తేడా కనిపిస్తే సరిగ్గా ఆరా తీయాలని అందులో ఉంది. మన దేశంలో ఆ ప్రమాణాలను అమలు చేసేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. శిక్షణ మొదలుపెట్టే విద్యార్థికీ, సరదాకి విమానం నడుపుకునేవారికీ క్లాస్ 2 మెడికల్ కావాలి. జీతానికి నడపాలంటే క్లాస్ 1 కావాలి. క్లాస్ 1 ఒకసారి పాసైపోతే జీవితాంతం చెల్లదు. ఐకావో లెక్కలో మామూలుగా 12 నెలలు. 60 దాటినా, 40 దాటి ఒక్కరే పైలట్‌గా ప్రయాణికులను తీసుకెళ్తున్నా 6 నెలలే.

రెండోది మాదకద్రవ్యాల పరీక్ష. దీనికీ మూత్రమే తీసుకుంటారు కానీ దాని నిబంధనలు విడిగా ఉన్నాయి. మూడోది మద్యం పరీక్ష. డ్యూటీకి వచ్చినప్పుడు బ్రెత్ అనలైజర్‌లో ఊదిస్తారు, మూత్రంతో పనిలేదు. ఊపిరిలో మద్యం జాడ సున్నా ఉండాలన్నది మన దగ్గరి నియమం. మద్యం కలిసిన మౌత్‌వాష్ కూడా వాడకూడదని డీజీసీఏ నిబంధనల్లోనే రాశారు.

మద్యానికి మూత్రం ఎందుకు పనికిరాదో చెప్పే తమాషా సంగతి ఒకటుంది. షుగర్ ఉన్న మనిషి మూత్రంలో చక్కెర పోతుంటుంది. దానికి ఈస్ట్ కూడా తోడై సీసా గంటల తరబడి వెచ్చగా పడి ఉంటే, పులిసి ఆ సీసాలోనే ఆల్కహాల్ తయారవుతుంది. కల్లుకుండలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. చుక్క ముట్టని మనిషి తాగుబోతుగా తేలే ప్రమాదం ఉందన్నమాట.

రెండు నిమిషాల స్ట్రిప్ కథ

మెడికల్ రోజున మూత్రంతో చేసే మొదటి పని చాలా చిన్నది. అగ్గిపుల్ల కంటే కాస్త పొడవుండే ప్లాస్టిక్ పట్టీ, దాని మీద వరసగా అంటించిన రంగు గళ్లు. టెక్నీషియన్ పట్టీని మూత్రంలో ఒక్క క్షణం ముంచి, అంచును సీసా మూతికి రాసి, డబ్బా మీది రంగుల పట్టిక పక్కన పెట్టి పట్టుకుంటారు. పది గళ్ల రకంలో చక్కెర గడిని 30 సెకన్లకు, ప్రోటీన్, రక్తం గళ్లను నిమిషానికి, తెల్ల రక్తకణాల జాడ చెప్పే గడిని 2 నిమిషాలకు చూడాలి. మరీ ఆలస్యంగా చూస్తే రంగులు ముదిరిపోయి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

మన దగ్గర స్ట్రిప్‌తో ఆపరు. మూత్రాన్ని గిర్రున తిప్పి, అడుగున చేరిన మడ్డిని మైక్రోస్కోప్ కింద చూస్తారు. రిపోర్టులో "పస్ సెల్స్ 2-4" అని ఉంటే చాలామంది కంగారుపడతారు. తెలుగులో చీము కణాలు అన్నా అవి తెల్ల రక్తకణాలే, ఒకటీ అరా అందరికీ ఉంటాయి.

అన్ని దేశాల్లోనూ ఇంత చూడరు. అమెరికాలో ఎఫ్‌ఏఏ (మన డీజీసీఏ లాంటి సంస్థ) మెడికల్ ఫారంలో మూత్రానికి ఉన్నవి రెండే వివరాలు: అల్బుమిన్ అనే ప్రోటీన్, షుగర్. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు "ఇక్కడ డాక్టరు గదిలోనే ముంచి చూసేశారు, అంతే" అని ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. యూరప్‌లో వీటికి తోడు రక్తం కూడా చూస్తారు.

చక్కెర: చెరువు నిండితేనే అలుగు పారుతుంది

కిడ్నీలు రక్తాన్ని వడకట్టేటప్పుడు చక్కెర కూడా వడపోతలోకి జారుతుంది. కిడ్నీ గొట్టాలు దాన్ని మొత్తం వెనక్కి పీల్చుకుంటాయి. ఆ పీల్చుకునే శక్తికి ఒక హద్దుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే మిగిలింది మూత్రంలోకి వచ్చేస్తుంది. చెరువు నిండాక అలుగు పారినట్టు.

ఈ పోలికతోనే పరీక్ష బలమూ, బలహీనతా రెండూ తెలుస్తాయి. అలుగు పారుతోందంటే చెరువు నిండినట్టే, అనుమానించాల్సిందే. కానీ అలుగు పారడం లేదంటే చెరువు ఖాళీ అని కాదు. పరగడుపున 140 ఉన్న మనిషికి డయాబెటిస్ ఉన్నట్టే లెక్క, అయినా మూత్రంలో చక్కెర కనిపించకపోవచ్చు. అందుకే రక్త పరీక్ష విడిగా చేస్తారు.

కొందరికి పుట్టుకతోనే అలుగు ఎత్తు తక్కువ. రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా మూత్రంలో పోతుంటుంది. దీన్ని రీనల్ గ్లైకోసూరియా అంటారు, సాధారణంగా దీనివల్ల హాని ఉండదు. ఇలాంటి కుర్రాడు స్ట్రిప్‌లో "3 ప్లస్" తెచ్చుకుని ఇంటిల్లిపాదినీ ఏడిపించి, రక్త పరీక్షలన్నీ మామూలుగా వచ్చాక నవ్వుకుంటూ బయటపడగలడు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు పనిచేసే పద్ధతే కిడ్నీ తూము తెరిచి చక్కెరను మూత్రంలోకి వదిలేయడం. అవి వేసుకునేవారికి స్ట్రిప్ ఎప్పుడూ పాజిటివే. మందు పనిచేస్తోందని దానర్థం, వ్యాధి అదుపు తప్పిందని కాదు. వేసుకునే మందుల పేర్లు ఫారంలో రాయకపోతే ఆ రెంటినీ డాక్టరు విడదీయలేరు.

ఇంతకీ కాక్‌పిట్‌లో షుగర్‌తో భయమేమిటి? చక్కెర ఎక్కువ కావడం కంటే మందుల వల్ల ఉన్నట్టుండి పడిపోవడం వైమానిక వైద్యుల అసలు భయం. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు చక్కెరను బాగా దించేస్తే చెమటలు, తికమక, ఆపై స్పృహ తప్పడం. ఐకావో ప్రమాణం ప్రకారం ఇన్సులిన్ తీసుకునేవారు అన్‌ఫిట్. ఆహార నియమంతోనో, దానికి తోడు మాత్రలతోనో అదుపులో ఉన్నవారికి అవకాశం ఉంది. ఈ నియమాన్ని కొన్ని దేశాలు తమదైన పద్ధతిలో సడలించాయి. బ్రిటన్ 2012 నుంచి, అమెరికా 2019 నుంచి ఇన్సులిన్ వాడేవారిలో కొందరికి గట్టి షరతులతో కమర్షియల్ మెడికల్ ఇస్తున్నాయి.

ప్రోటీన్: ముందురోజు పరుగెత్తిన కుర్రాడి లెక్క

ఒక ఉదాహరణ అనుకుందాం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. "ఫిట్‌గా కనిపించాలి" అని మెడికల్ ముందురోజు సాయంత్రం పది కిలోమీటర్లు పరుగెత్తాడు. ఎక్కువ నీళ్లు తాగితే ఏమవుతుందోనన్న భయంతో గొంతు తడుపుకున్నాడంతే. పొద్దున్నే లేచి, నాలుగు గంటలు అటూ ఇటూ తిరిగి, వరుసలో నిలబడి, చివరికి సీసా ఇచ్చాడు. రిపోర్టులో ప్రోటీన్ 1 ప్లస్, అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు.

ఇందులో కిడ్నీ జబ్బుతో సంబంధం లేని కారణాలు మూడుండొచ్చు. గట్టి వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులు ప్రోటీన్ పోవడం మామూలే. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, స్ట్రిప్ కొలిచేది చిక్కదనాన్నే కాబట్టి కొద్దిపాటి ప్రోటీన్ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. మూడోది, నిలబడి తిరుగుతున్నప్పుడే ప్రోటీన్ పోయి పడుకుంటే ఆగిపోయే గుణం. యుక్తవయసులో, ముఖ్యంగా సన్నగా పొడుగ్గా ఉన్నవారిలో ఇది కనిపిస్తుంటుంది, వయసు ముదిరేకొద్దీ పోతుంది.

దీన్ని తేల్చే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. రాత్రి పడుకునే ముందు మూత్రానికి వెళ్లి, తెల్లారి మంచం దిగగానే వచ్చే మొదటి మూత్రం పడతారు. పగటి సీసాలో ప్రోటీన్ ఉండి, తెల్లవారుజాము సీసాలో లేకపోతే కిడ్నీ మీద అనుమానం దాదాపు తొలగినట్టే. రెండింట్లోనూ ఉంటే అల్బుమిన్‌కూ, కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే క్రియాటినిన్ అనే వ్యర్థానికీ మధ్య నిష్పత్తి కొలుస్తారు. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. దాటితే మళ్లీ చూస్తారు, బీపీ, షుగర్, క్రియాటినిన్, స్కానింగ్ వరుసగా వస్తాయి.

ఈలోగా కాగితం మీద పడే మాట "టెంపరరీ అన్‌ఫిట్". పిల్లల గుండె ఆగేది ఇక్కడే. దానర్థం "పనికిరాడు" అని కాదు, "ఇంకా తేలలేదు" అని. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకూ మధ్య ఒక్క విశేషణమే తేడా కావడం మన దురదృష్టం.

రక్తం: రాయి ఉందేమోనన్న అనుమానం

మూత్రం ఎర్రగా లేకపోయినా రక్తం ఉండొచ్చు. ఎర్రగా ఉన్నా లేకపోవచ్చు, బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరికి అలాగే వస్తుంది. స్ట్రిప్ పట్టేది రంగును కాదు, హిమోగ్లోబిన్ చేసే రసాయన చర్యను. కండరాలు నలిగి విడుదలయ్యే మయోగ్లోబిన్‌కు కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. అందుకని మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు నిజంగా ఉన్నాయా అని చూడాల్సిందే. నెలసరి రోజుల్లో ఉన్న అమ్మాయిల సీసాలో ఎర్ర కణాలు కనిపించడంలో వింత లేదు, ఆ సంగతి లాబ్‌కు తెలియకపోతే మాత్రం అనవసరమైన స్కానింగులు మొదలవుతాయి. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకుంటే తిరకాసు ఇంకో వైపు నుంచి వస్తుంది: ఉన్న రక్తాన్నీ, ఉన్న చక్కెరనూ స్ట్రిప్‌కు కనపడనివ్వవు.

రక్తం నిజంగా ఉంటే పైలట్ విషయంలో ముందుగా తట్టేది కిడ్నీ రాయి. తక్కువ తేమ ఉండే విమాన గాలిలో గంటల తరబడి కూర్చోవడం, బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగడం ఈ ఉద్యోగంలో ఉన్నవే. రాయి నొప్పి వచ్చిన మనిషిని ఇంట్లో చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. కూర్చోలేడు, పడుకోలేడు, గోడ పట్టుకుని మెలికలు తిరుగుతాడు. అదే నొప్పి ల్యాండింగ్‌కు దిగేటప్పుడు వస్తే ఏమిటన్నదే డాక్టరు ఆలోచన. ప్రాణానికి ముప్పు లేని రాయి కూడా కాక్‌పిట్‌లో పెద్ద సంగతి అయ్యేది అందుకే.

ఇంత పట్టుదల దేనికి? ఒక శాతం లెక్క

మామూలు డాక్టరు "ఈ రోగికి ఏం చేస్తే బాగవుతుంది" అని చూస్తారు. వైమానిక వైద్యుడు "వచ్చే ఏడాదిలో ఈ మనిషి సీట్లో ఉన్నట్టుండి కుప్పకూలే అవకాశమెంత" అని చూస్తారు. దీనికి చాలా దేశాల్లో వాడే కొలబద్దను ఒక శాతం నియమం అంటారు. లెక్క సులువే.

ఏడాదికి ఒక శాతం అంటే వందలో ఒకటి. ఏడాదిలో గంటలు 8,760, పదివేలు అనుకుందాం. గంటకు ముప్పు పది లక్షల్లో ఒకటి. గంట ప్రయాణంలో నిజంగా ప్రమాదకరమైనవి టేకాఫ్, ల్యాండింగ్‌ల చుట్టూ ఉండే ఆరు నిమిషాలు, అంటే పదో వంతు. ఇప్పుడు కోటిలో ఒకటి. ఆ క్షణంలో పక్క సీటు పైలట్ విమానాన్ని అందుకోలేకపోయే అవకాశం వందలో ఒకటి అనుకుంటే, మొత్తం నూరు కోట్ల గంటల్లో ఒకటి. ఆ మాత్రం ముప్పుకు ఒప్పుకోవచ్చని ఈ పద్ధతి అంటుంది. పక్కన రెండో పైలట్ లేకపోతే లెక్కలో ఆ చివరి మెట్టు ఊడిపోతుంది. 40 దాటి ఒంటరిగా ప్రయాణికులను తీసుకెళ్లేవారికి ఆరు నెలల గడువు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

మాదకద్రవ్యాల సీసా: భంగు, గసగసాలు, నిద్రమాత్ర

2022 జనవరి 31 నుంచి మన దేశంలో దీనికి విడి నిబంధన అమల్లో ఉంది. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో ఏటా కనీసం పది శాతం మందికి ముందు చెప్పకుండా పరీక్ష చేయాలి. ఉద్యోగంలోకి తీసుకునే ముందు, ఫ్లయింగ్ స్కూల్‌లో చేర్చుకునే ముందు కూడా చేయాలి. వెతికేవి ఆరు రకాలు: గంజాయి, కొకైన్, నల్లమందు జాతి పదార్థాలు, ఆంఫెటమైన్లు, బార్బిట్యురేట్లు, బెంజోడయాజిపైన్లు. ఆల్‌ప్రాజోలం లాంటి మాత్రలు ఈ చివరి గుంపులోవే. అంటే డాక్టరు రాసిచ్చిన ఈ రకం నిద్రమాత్ర కూడా ఈ పరీక్షలో పలుకుతుంది.

"శివరాత్రికి, హోలీకి తాగే భంగు నేరం కాదు కదా" అనే వాదన తరచూ వింటుంటాం. భంగు చేసేది గంజాయి మొక్క ఆకుతో, మన మాదకద్రవ్యాల చట్టం ఇచ్చిన గంజాయి నిర్వచనానికి ఆ ఆకు బయట ఉన్నమాట నిజమే. లాబ్ యంత్రానికి ఆ చట్టం తెలియదు. ఆకులో ఉన్నదీ, గంజాయిలో ఉన్నదీ ఒకే పదార్థం.

గసగసాల సంగతి ఇంకా విచిత్రం. మనం కోడికూరలో, కుర్మాలో నూరి వేసుకునే గసగసాలు నల్లమందు కాయలోని గింజలే. కాయ పాలు గింజల పైన అంటి ఉంటే మార్ఫిన్ జాడ మూత్రంలో కనిపించవచ్చు. ఇది పుకారు కాదు. అమెరికాలో నల్లమందు జాతికి స్క్రీనింగ్ హద్దు ఒకప్పుడు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు ఉండేది. ఆహారం వల్ల అమాయకులు చిక్కుకుంటున్నారని 1998లో దాన్ని 2,000కు పెంచారు. అయినా 2023 ఫిబ్రవరిలో అక్కడి రక్షణ శాఖ సైనికులను గసగసాలకు దూరంగా ఉండమంది. హెరాయిన్ వాడితే మాత్రమే వచ్చే 6-ఎంఏఎం అనే పదార్థం వేరే ఉంది కాబట్టి, కూర తిన్నవారినీ హెరాయిన్ తీసుకున్నవారినీ విడదీయడం సాధ్యమే.

అందుకే మొదటి పరీక్ష మీద తీర్పు చెప్పరు. ఎందుకో అంకెల్లో చూద్దాం, ఇవి అర్థం కావడం కోసం నేను అనుకున్న అంకెలే. వెయ్యి మంది పైలట్లలో నిజంగా వాడేవారు ఐదుగురు. పరీక్ష ఆ ఐదుగురినీ పట్టుకుంది. వాడనివారిలో నూటికి ఇద్దరిని పొరపాటున పాజిటివ్ అంది. 995లో రెండు శాతం దాదాపు 20. మొత్తం పాజిటివ్ 25, వాళ్లలో 20 మంది నిర్దోషులు! 98 శాతం సరైన పరీక్ష కూడా ఇంత తప్పు చేస్తుంది, కారణం వాడేవారు అసలే తక్కువ కావడం. కాబట్టి తొలి పరీక్షలో తేడా వస్తే మనిషిని డ్యూటీ నుంచి తప్పిస్తారు, అసలు తీర్పు పదార్థాన్ని కచ్చితంగా గుర్తుపట్టే రెండో పరీక్షదే. అక్కడా ఖాయమైతే మొదటిసారి వ్యసన చికిత్సకు, రెండోసారి లైసెన్స్ మూడేళ్ల సస్పెన్షన్‌కు, మూడోసారి రద్దుకు దారి తీస్తుంది.

నీళ్లు బిందెడు తాగి పలచన చేద్దామనే తెలివికీ విరుగుడు ఉంది. అమెరికా పద్ధతిలో సీసా చేతికి రాగానే ఉష్ణోగ్రత చూస్తారు, నాలుగు నిమిషాల లోపు 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే పలచన చేసినట్టు అనుమానం, 2 కంటే తక్కువైతే అది మనిషి మూత్రంగానే లెక్కించరు.

వాదన ఎక్కడ తెగలేదు

ఆరోగ్యంగా ఉన్నవారికి ఏటా స్ట్రిప్ ముంచడం వల్ల ఒరిగేదేమిటని అడిగే వైద్యులు ఉన్నారు. లక్షణాలు లేనివారిలో దొరికే ప్రోటీన్, రక్తం జాడల్లో చాలావరకు ఏమీ కాకుండానే పోతాయి, మధ్యలో ఖర్చు, ఆందోళన మిగులుతాయి. పైలట్‌కైతే జీతం కూడా ఆగుతుంది. రెండో పక్షం అనేది: పరీక్ష ఖరీదు చాలా తక్కువ, కిడ్నీ జబ్బు చివరిదాకా నొప్పి పెట్టదు, పైగా పైలట్‌కు డాక్టరు దగ్గర జబ్బు దాచిపెట్టే కారణం మామూలు మనిషి కంటే ఎక్కువ. ఈ చివరి మాట నాకు బరువైనదిగా అనిపిస్తుంది. సీసా అబద్ధం చెప్పదు, కనీసం తనంతట తాను.

డ్రగ్ టెస్ట్ మీద వాదన ఇంకా పదునుగా ఉంది. రోజూ గంజాయి తాగే మనిషి మానేసినా వారాల తరబడి మూత్రం పాజిటివ్ రావచ్చు. అంటే పరీక్ష చెప్పేది "ఎప్పుడో తీసుకున్నాడు" అని, "ఇప్పుడు మత్తులో ఉన్నాడు" అని కాదు. సెలవులో ఏం చేశాడో కంపెనీకి ఎందుకని ఒకరంటే, మూడు వందల మందిని మోసుకెళ్లేవాడికి ఆ సందు ఇవ్వలేమని ఇంకొకరంటారు. అమెరికా 2023లో లాలాజలంతో పరీక్షకు నిబంధనల్లో చోటిచ్చింది. అందులో కనిపించేది ఇటీవలి వాడకమే. కళ్లముందే శాంపిల్ తీయొచ్చు కాబట్టి సీసా మార్చే బెడదా తక్కువ.

ఈ సీసాల పరిమితి ఎక్కడుందో 2015 మార్చి 24 చూపించింది. జర్మన్‌వింగ్స్ కోపైలట్ ఆల్ప్స్ పర్వతాల్లో విమానాన్ని కావాలనే కూల్చాడు, 150 మంది పోయారు. ఆ తర్వాత యూరప్ తొలి క్లాస్ 1 మెడికల్‌లో డ్రగ్స్, ఆల్కహాల్ స్క్రీనింగ్ చేర్చింది. దాంతోపాటు ఎయిర్‌లైన్‌లో నడపడానికి ముందు మానసిక అంచనా, పైలట్లు తోటి పైలట్లకే కష్టం చెప్పుకునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఆ కోపైలట్ అవశేషాల్లో దర్యాప్తు అధికారులకు దొరికినవి సిటాలోప్రామ్, మిర్టాజపైన్, జోపిక్లోన్. మొదటి రెండూ డిప్రెషన్ మందులు, మూడోది నిద్రమాత్ర. స్ట్రిప్ మీది పది గళ్లలో వాటికి గడి లేదు. మన ఆరు రకాల జాబితాలోనూ లేదు.